ఆముదం రాసుకోని చేతులు

ఈ వేసవిలో మా పక్కింటివాళ్ళు డాబా మీద పాత చీర పరిచి ఆవకాయకని మిరపకాయలు ఎండబోశారు. పొద్దున పదింటికల్లా ఎండ ముదిరి, కాయ వేడెక్కే వేళకి వాటి వాసన పిట్టగోడ దాటి మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఘాటంటే దంచినప్పుడో వేయించినప్పుడో వచ్చేది, అందరికీ తెలిసినదే. ఎండే కాయ వాసన వేరు. అందులో కొంచెం తీపి ఉంటుంది, కొంచెం దుమ్ము ఉంటుంది, కొత్త గోనెసంచిలో తల దూర్చినట్టుంటుంది. నేను కాపురానికి వచ్చిన ఈ పొన్నూరు వరిచేల ఊరు. ఇక్కడి గాలికి ఊక వాసన, తడిగడ్డి వాసన తెలుసు గానీ ఇది తెలియదు. మా పిల్లలిద్దరూ తుమ్మి తుమ్మి కిటికీ వెయ్యమని గోలపెట్టారు. నాకేమో మెడ వెనక, జడ మొదలయ్యే చోట, చుర్రుమంది. పక్కగదిలో మంచం మీద కూర్చున్న మా అమ్మ ఒకసారి గాలి పీల్చి, "కాయ ఇంకా పచ్చిగానే ఉంది, రెండెండలు తగలాల," అని అక్కడినుంచే తీర్పు చెప్పింది. నా మెడ ఎందుకు చుర్రుమందో చెప్పాలంటే ఆవిడ చేతుల దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు గుంటూరుకు పడమర. సత్తెనపల్లి దాటాక బస్సు దిగి రెండు మైళ్ళు నల్లరేగడి దారిలో నడవాలి. వాన పడిందంటే చెప్పులు చేతిలో పట్టుకుని, ఒక్కో కాలికి అంతేసి బురద మోసుకుంటూ ఇల్లు చేరాలి. మాకు పొలం లేదు. నాన్న ఒక ఆసామి దగ్గర జీతానికి ఉండేవాడు. అమ్మ, పేరు కోటమ్మ, పదిహేనుమంది ఆడవాళ్ళ ముఠాతో కూలికి వెళ్ళేది. ముఠాకు మేస్త్రి సామ్రాజ్యం అనే ఆవిడ. ఏ చేలోకి ఎప్పుడు దిగాలో, ఎవరు ఏ సాలు పట్టాలో ఆవిడ చెప్పిందే వేదం. సాలంటే ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఒక వరస మొక్కలు. మా ఇంట్లో గోడకు క్యాలెండరు వేలాడేది గానీ నేను మాత్రం నెలలు అమ్మ చేతులు చూసి చెప్పేదాన్ని. గోళ్ళలో నల్లమట్టి దిగి ఉంటే మిరపనాట్లు, అంటే వినాయకచవితి ముందూ వెనకా. వేళ్ళకొసలు గీరుకుపోయి, దూదిపీచు అంటుకుని ఉంటే పత్తితీత, దీపావళి దాటినట్టు. అరచేతులు ఎర్రబడి గోళ్ళ చుట్టూ పచ్చటి మరక కట్టిందంటే మిరపకోత. ఇక కోతలు అయిపోయేదాకా, ఆ తర్వాత కల్లంలో కూర్చుని తొడిమలు తీసి, రంగుపోయిన తాలుకాయ ఏరి వేరుపెట్టేదాకా ఆ చేతులు నావి కావు.

నావి అయిన రోజులూ ఉండేవి, అవి తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. అట్లతద్ది ముందురోజు సాయంత్రం అమ్మ గోరింటాకు కోసుకొచ్చి, చింతపండు వేసి మెత్తగా రుబ్బి, నన్ను వసారాలో కూలేసి, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు పెట్టేది. అది ఆరేదాకా ఈగ వాలినా దోమ కుట్టినా నేను "అమ్మా" అని పిలవడం, అమ్మ వచ్చి తన మోచేత్తో తోలడం. మర్నాడు చీకటుండగానే లేపి పెరుగన్నంలో గోంగూర పచ్చడి నంజుపెట్టి, ముద్దలు చేసి నోట్లో పెట్టేది, నా చేతులు పండిన రంగు చెడకూడదని. ఆ తర్వాత మేం ఆడపిల్లలం వీధంతా ఉరికి, చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల దగ్గర వంతుల కోసం జుట్టు జుట్టు పట్టుకునేవాళ్ళం. పత్తి రోజుల్లో ఆసామి ఇంటి వసారా నడికప్పుదాకా పత్తితో నిండిపోతే, పెద్దవాళ్ళు చూడకుండా అరుగెక్కి దాంట్లోకి దూకడం, మెడదాకా దిగిపోవడం, లోపల వెచ్చగా, గింజ నూనె వాసన వేస్తూ ఉండే ఆ చీకట్లో ఊపిరి బిగబట్టి దాక్కోవడం. ఇంటికొస్తే అమ్మ నా తల్లో దూదిపీచులు ఒక్కొక్కటే ఏరుతూ తిట్టేది. ఆ తిట్లు తినడానికే రెండోసారి దూకేదాన్నేమో కూడా.

మిరపకోత మొదలైన రోజునుంచీ ఇదంతా బందు. మా ఊళ్ళో ఆ మూడు నాలుగు నెలలూ తల్లులెవరూ పసిపిల్లల మొహం తుడిచేవాళ్ళు కాదు, కళ్ళకు కాటుక పెట్టేవాళ్ళు కాదు, అన్నం కలిపి ముద్ద పెట్టేవాళ్ళు కాదు. పట్నపు పిల్లలు నాగరికం కోసం స్పూనుతో తింటే మేం మిరప కోసం స్పూనుతో తినేవాళ్ళం. తెలియక ఎవరింటికైనా చుట్టం వచ్చి, "ఏవమ్మా, పిల్లదానికి ముద్ద పెట్టవా?" అంటే, "ఈ చేత్తో పెడితే దానికి ఆవకాయ అక్కర్లా," అని నవ్వేవాళ్ళు. నా తల దువ్వే పని నాన్నకు వచ్చేది. పాపం ఆయనకు తెలిసిన అల్లిక ఒకటే. గొడ్డును కట్టే పలుపుతాడు పేనినట్టు రెండు పాయలు తీసుకుని, కాలితో తొక్కిపట్టడం ఒక్కటే తక్కువగా, బిగించి మెలిపెట్టి చివర ముడి వేసేవాడు. బళ్ళో పిల్లలు "ఏ గాట్లోంచి తెంపుకొచ్చావే?" అని ఏడిపించేవాళ్ళు. నేను సాయంత్రం దాకా ఏడుపు ఆపుకుని, అమ్మ చేలోంచి రాగానే ఆవిడకు మూడడుగుల దూరంలో నిలబడి ఏడ్చేదాన్ని. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని, దూరంనుంచే మెడ వంచి, "ఏందమ్మా, ఎవురేమన్నారు?" అని అడిగేది. అంతవరకే.

పొద్దున్నే ముఠా చేనికి వెళ్ళేముందు సామ్రాజ్యం ఇంటిముందు చేరి, ఒక పాత సీసాలోంచి ఆముదం చేతుల్లో పోసుకుని, వేళ్ళసందుల్లోకీ మణికట్టుదాకా పట్టించేవాళ్ళు. ఆముదం ఉంటే కారం ఒంట్లోకి అంతగా దిగదు, సాయంత్రం కుంకుడు రసంతో కడుక్కుంటే సగం మంట పోతుంది. ఆ వీధి మలుపు తిరిగితే చాలు, ముఠా వెళ్ళిందో లేదో వాసనే చెప్పేది. అమ్మ ఒక్కతే ఆ సీసా ముట్టుకునేది కాదు. "రాసుకోవే, చేతులు బొబ్బలెక్కుతయ్యి," అని అందరూ అనేవాళ్ళు. "నాకు జిడ్డు పడదు," అనేది అమ్మ. ఆమాట అబద్ధమని ముఠాలో ఒక్క మస్తాన్‌బీకి తెలుసు. నాకు అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

అమ్మకు అప్పటికి ముప్పయ్యో ముప్పయ్యొకటో. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆవిడకు కొన్ని చిత్రమైన అలవాట్లు ఉండేవి. పొద్దున లేవగానే ఎవరితోనూ మాట్లాడకుండా పొయ్యి ముందు కూర్చుని, వేడి బూడిద మీద రెండు చేతులూ చాపి, మంత్రం చదువుతున్నట్టు కాసేపు కదలకుండా ఉండేది. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగేది. డబ్బామూత బిగుసుకుపోతే తలుపు సందులో ఇరికించి డబ్బాను తిప్పేది. చేదతాడు మోచేతికి మెలిక వేసుకుని నీళ్ళు తోడేది. ముసురు పట్టిన రోజుల్లో వావిలాకు మరిగించి, ఆ నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది. ఇల్లంతా ఆ చేదు వాసన. పెద్దవాళ్ళన్నాక ఎవరి అలవాట్లు వాళ్ళకుంటాయి, మా తాత చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునేవాడు, అలాంటివే ఇవీ అనుకున్నాను. అవేవీ అలవాట్లు కావని, ఒక్కోటీ ఒక్కో నొప్పి అని నాకెవరూ చెప్పలేదు. అమ్మ చెప్పకూడదనుకుంది. వేళ్ళు వంగనిదాన్ని ముఠాలో ఎవరుంచుకుంటారు?

మస్తాన్‌బీ మా వెనకవీధి. వాళ్ళాయన సైకిల్ మీద ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టేవాడు. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆవిడ చేలో ఎప్పుడూ అమ్మ పక్కసాలే పట్టేది. మా వైపు ముఠాల్లో ఒక పద్ధతుంది: అందరూ గట్టుదగ్గర ఒకేసారి దిగుతారు, అందరూ అవతలి గట్టుకు ఒకేసారి చేరాలి. వెనకపడినదాని సాలు చేనంతటికీ కనపడుతుంది, చదువురానివాడిని బెంచీ ఎక్కించినట్టు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక నేను నీళ్ళబిందె తీసుకుని వెళ్ళినప్పుడు చూసేదాన్ని. పక్కసాల్లో మస్తాన్‌బీ పిన్ని తన మొక్కమీద రెండు కాయలు కోసి, చెయ్యి చాపి అమ్మ మొక్కమీద ఒక కాయ కోసి అమ్మ ఒడిలోనే పడేసేది. నోరు మాత్రం ఆపకుండా కబుర్లు చెబుతూనే ఉండేది, ఎవరికీ అనుమానం రాకుండా.

"ఏందే కోటమ్మా, నీ సాలు ఆడనే ఆగిపోయింది? కాయ కోత్తన్నావా, కాయతో కబుర్లు చెప్తన్నావా?" అని సామ్రాజ్యం గట్టుమీదనుంచి అరిచేది.

"అరవమాకు సామ్రాజ్యం, దీని సాల్లో కాపెక్కువుంది. కావాలంటే నువ్వొచ్చి కొయ్యి!" అని పిన్ని ఇక్కడినుంచి అరిచేది.

పీర్లపండక్కి పిన్ని మలీదా ఉండలు చేసేది, రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి. ఒక ఏడు అది మిరపకోతల్లో వచ్చింది. వాళ్ళాయన చేత కట్టించిన ఉండలు పిన్ని ఆకులో పెట్టి తెచ్చి, అమ్మ నోట్లో పెట్టబోయి, తన చేతివంక చూసుకుని నాలిక్కరుచుకుంది. చివరికి నేను ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరికీ చెరో ఉండ నోట్లో పెట్టాను. ఇద్దరూ పిచ్చుకపిల్లల్లా నోళ్ళు తెరిచి నవ్వారు. నాకు ఆ రోజంత గర్వం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అమ్మ ఆముదం ఎందుకు రాసుకోదో ఒకనాడు వాళ్ళిద్దరి మాటల్లో విన్నాను. ముందు పత్తిరోజుల్లో, మంచుపొద్దుల్లో వేళ్ళ కణుపులు ఉబ్బి, గుప్పిట మూతపడేది కాదట. మిరప మొదలయ్యాక రెండోరోజుకే నొప్పి తెలియకుండా పోయేదట. చేతులు భగభగమంటాయి, ఆ మంటలో వేళ్ళు వంగుతాయి. "మంటే నాకు మందు. ముల్లుని ముల్లుతోనే తియ్యాల గదటే," అంది అమ్మ. "మందో మాకో గానీ, నీ కణుపులు చూడు, రేగుకాయల్లా అయినయ్యి," అంది పిన్ని. అమ్మ వినలేదు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. మా అమ్మ లెక్కలో ఆ సామెత మిరపకాయకు చెందాలి. కోతలు అయ్యాక మిగతావాళ్ళు నడుములు పట్టుకుని ఇంట్లో కూర్చుంటే, ఆవిడ కల్లంలో తొడిమలు తీసే పనికి అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది. ఎర్రటి కాయలరాశి మధ్య, మూతికి గుడ్డ కట్టుకుని, మంట చల్లారితే మళ్ళీ నొప్పి మొదలవుతుందనే భయంతో. నాకు అర్థమైంది మాత్రం ఇంకొకటి. అమ్మకు నాకంటే మిరపకాయే ఇష్టమని.

కల్లం పని పూర్తయ్యాక చేతులు శుద్ధి కావడానికి వారం పట్టేది. పుల్లమజ్జిగలో నానబెట్టేది, బూడిదతో తోమేది, కుంకుడు నురగతో కడిగేది. తర్వాత చిటికెనవేలు తన కంటికొసకు తాకించి చూసుకునేది. కన్ను ఎర్రబడి నీరు కారితే, "ఇంకా కాదు తల్లీ," అనేది. నేను స్తంభం పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు కంట్లో నీరు రాదు. అప్పుడు రెండు చేతులూ చాపి, "రా," అనేది. ఆ "రా" కోసం నేను నాలుగు నెలలు కాచుకునేదాన్ని. వెళ్ళి ఒళ్ళో కూలబడితే, తలంతా కొబ్బరినూనె పట్టించి, చిక్కు తీసి, పేలు చూసి, చెవి వెనక మట్టి గోటితో గీకి, ఒక్కసారే నాలుగు నెలల ముద్దు తీర్చేది. అయితే ఆ ముద్దు రోజులు కొన్నే. మంట పోయిన వేళ్ళలోకి నొప్పి తిరిగి వచ్చేది. తొలకరి చల్లగాలి తగిలేసరికి దువ్వెన కూడా బరువయ్యేది.

నాకు పూలజడ పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే. వేసవి వస్తే ఆడపిల్లకు సవరం పెట్టి బారుగా జడ అల్లి, దానిమీద మల్లెమొగ్గలు వరసలు వరసలుగా కుట్టి, మధ్యలో కనకాంబరాలు, మరువం పెట్టి, పట్టులంగా కట్టించి, స్టూడియోకు తీసుకెళ్ళి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయించాలి. మొహమూ కనపడాలి, అద్దంలో జడా కనపడాలి. మా క్లాసులో చాలామంది ఇళ్ళల్లో ఆ ఫోటో పటం కట్టించి ఉంది. నాకు లేదు. మల్లెల కాలమూ మిరప తొడిమల కాలమూ ఒకటే కావడం నా ఖర్మ. "వచ్చే ఏడు కుడతాలే," అని అమ్మ మూడేళ్ళు చెప్పింది. అద్దెకు జడలు కుట్టేవాళ్ళు సత్తెనపల్లిలో ఉన్నారంటే వినేదాన్ని కాదు. అమ్మే కుట్టాలి. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకు తను పెళ్ళికి ముందు కుట్టిన జడల గురించి ఆవిడే చెప్పి చెప్పి నన్నలా చేసింది.

నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో అమ్మ మాట నిలబెట్టుకుంది. ఇంకా పది రోజుల పని ఉండగానే కల్లంలోంచి లేచింది. "మధ్యలో లేచిపోతే వచ్చే ఏడు నీ సాలు ఇంకోదానికిస్తా," అని సామ్రాజ్యం బెదిరించింది. "ఇచ్చుకో," అని వచ్చేసింది. నేను అప్పుడు ఎగిరి గంతేశాను. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకేం తెలుసు. మజ్జిగలూ బూడిదలూ కుంకుళ్ళూ అన్నీ అయ్యాయి. ఆసామి మిరప లారీతో గుంటూరు యార్డుకు వెళ్ళిన నాన్న, వచ్చేటప్పుడు తడిగుడ్డలో మూటకట్టి మల్లెమొగ్గలు తెచ్చాడు. మూట విప్పితే పైపొరలో మిరప దుమ్ము, లోపల మల్లెలు; రెండు వాసనలూ కలిసి ఇల్లు నిండింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ కంటికొసకు వేలు తాకించుకుంది. కన్ను తెల్లగా ఉంది. "రా," అంది. తలంటిన జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టి, జడ అల్లడం మొదలుపెట్టింది. అల్లిక వరకు ఎలాగో అయింది. సూది పట్టుకునేసరికి జారిపోయింది. వెతికి ఇచ్చాను. మళ్ళీ జారింది. మూడోసారి చాపమీద చిన్న చప్పుడు వినపడింది. "నువ్వు పోయి చద్దన్నం తినిరా, మధ్యలో ఆకలంటే కుదరదు," అంది అమ్మ. వంటింట్లో తింటుంటే పెరట్లో రోటి చప్పుడు వినిపించింది. పచ్చడి నూరుతోంది కాబోలు, నాకు వెయ్యలేదే అనుకున్నాను.

తిరిగి వచ్చి కూర్చున్నాక జడ వేగంగా నడిచింది. "వెనక్కి తిరగమాకు, వరస చెదురుద్ది," అంది అమ్మ. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. మల్లెల చల్లదనం మెడమీద, నడుంమీద. ఆ ఎండలో ఇంటికప్పు కింద ఇద్దరికీ చెమట ధారలు. అమ్మ చెయ్యి నా మెడకు ఆనుకున్నప్పుడల్లా ఏదో గుడ్డ తగిలినట్టుండేది. నడినెత్తికి ఎండొచ్చేసరికి జడ పూర్తయింది. మస్తాన్‌బీ పిన్ని వచ్చి చూసి, మెటికలు విరిచి, "పెళ్ళికూతురికి కూడా ఇట్టా కుదరదే," అంది.

బస్సులోనే మెడ మండడం మొదలైంది. చెమటకాయలేమో అనుకున్నాను. స్టూడియో చేరేసరికి నిప్పు పెట్టినట్టుంది. తెరమీద కొలను, రెండు హంసలు; వెనక నిలువుటద్దం. ఫోటోలాయన జడ సర్దబోయి, "ఏంటమ్మా, పాప మెడ ఇట్టా వాచింది?" అన్నాడు. అప్పుడు వెనక్కి తిరిగి అమ్మ చేతులు చూశాను. వేళ్ళ కొసలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. కణుపు కణుపుకూ పాతపంచె పీలికలు చుట్టి ఉన్నాయి. చెమటకు తడిసి ఆ పీలికల్లోంచి ఎర్రగా కారుతోంది. రోటి చప్పుడు గుర్తుకొచ్చింది. సూది నిలవడానికి పచ్చికారం నూరి కణుపులకు కట్టుకుంది మా అమ్మ. వేలికొసలు తగలకుండా జాగ్రత్తపడింది గానీ చెమట సంగతి మర్చిపోయింది.

ఈ వయసులో అయితే ఆ చేతులు పట్టుకుని ఏడ్చేదాన్ని. పన్నెండేళ్ళ మొద్దుముండను, ఫోటో పాడైపోయిందని ఏడ్చాను. ఫోటోలాయన ముందే, గట్టిగా, "నువ్వు ఇంకెప్పుడూ నా తల ముట్టుకోమాకు!" అన్నాను.

అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "సరేలే తల్లీ," అంది. "ఈ ఒక్కసారికీ నవ్వు."

నవ్వలేదు. కళ్ళు వాచి, ముక్కు ఎర్రగా ఉన్న ఫోటోయే వచ్చింది.

అమ్మ ఆ మాట కూడా నిలబెట్టుకుంది. చేతుల్లో కారం లేని రోజుల్లో కూడా నా తల ముట్టుకోలేదు. నూనెసీసా, దువ్వెన నా ముందు పెట్టి తను పక్కకు వెళ్ళిపోయేది. రెండు రోజులకే నా కోపం పోయింది. మళ్ళీ "దువ్వు" అని అడగడానికి మాత్రం నా పొగరు ఒప్పుకోలేదు. వానలు పడగానే ఎనిమిదో తరగతికి హాస్టల్లో చేరాను. అక్కడ ఒకరి జడలు ఒకరం వేసుకునేవాళ్ళం. సెలవులకు ఇంటికి వస్తే అమ్మ నా జడవంక చూసేది, "పాపిడి వంకరగా ఉందే," అనేది, దగ్గరికి వచ్చేది కాదు. ముఠాలో సాలు మాత్రం పోలేదు. "దాని సాలు తీస్తే నాదీ తియ్యి," అని మస్తాన్‌బీ పిన్ని సామ్రాజ్యంతో అందట.

ఇంకో ఏడెనిమిదేళ్ళు అమ్మ ఆ చేతులతోనే పని చేసింది. టీచర్ ట్రైనింగుకి గుంటూరు వచ్చాక నేనే బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఆ వేళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూసి, ఇది కీళ్ళవాతం, వయసుతో వచ్చే నొప్పి కాదు, మొదట్లోనే మందులు పడి ఉంటే వేళ్ళు ఇలా వంకర పోయేవి కావు అన్నారు. అమ్మ తన మిరప వైద్యం గురించి చెబితే ఆయన నవ్వలేదు. "మంట నొప్పిని కప్పింది తల్లీ, తగ్గించలేదు. నొప్పి తెలిసుంటే మీరు చెయ్యి ఆపేవారు," అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ, "ఆపితే ఎట్టా గడిచేది?" అంది, నన్ను కాదు, కిటికీని అడిగినట్టు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. మందులతో నొప్పి చాలావరకు అదుపులో ఉంది గానీ వంగిన వేళ్ళు వంగినట్టే ఉన్నాయి. ఆ మధ్య ఊరెళితే మా ఆసామి కల్లం ఉన్నచోట కోల్డ్ స్టోరేజీ వచ్చింది. తొడిమలు తీసే పిల్లలు రబ్బరు గ్లౌజులు వేసుకుని, చెవుల్లో ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు, మంచిదే. సామ్రాజ్యం ఇంటిముందు ఆముదం వాసన లేదు, సామ్రాజ్యమూ లేదు. మస్తాన్‌బీ పిన్ని పోయి రెండేళ్ళయింది. పూలజడలు డబ్బాలో అమ్ముతున్నారు, క్లిప్పు పెట్టుకుంటే చాలట. పక్కపక్క సాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి కాయ ఇంకొకరు కోసిపెట్టడం నా పిల్లలకు చెబితే, కథనుకుని విన్నారు.

ఈ పూట ఆ వాసనకు లేచి బీరువాలోంచి ఫోటో తీశాను. అమ్మ చేతికిచ్చాను. ఇన్నేళ్ళూ నేను అందులో నా ఏడుపుమొహమే చూశాను. అమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని ఫోటోను దగ్గరగా పెట్టుకుని, అద్దంలో ఉన్న జడను చూస్తోంది.

"ఒక్క వరస కూడా వంకర పోలా, చూశావా?" అంది. తర్వాత ఫోటో దించి, "మెడ బాగా మండిందా ఆ రోజు?" అని అడిగింది.

"కొంచెమే," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. నేనిక ఆగలేకపోయాను. పన్నెండేళ్ళప్పుడు అడగాల్సిన మాట నలభైకి దగ్గరపడుతూ అడిగాను. "అమ్మా, నా తల దువ్వవా?"

దువ్వెన ఆ చేతిలో నిలవదని నాకు తెలుసు. చేతిగుడ్డతో అరచేతికి కట్టాను. జడ విప్పుకుని, మంచం దిగువన, ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను. తల మీద చెయ్యి పడలేదు. ఏమైందా అని వెనక్కి తిరిగి చూశాను. పదిహేనేళ్ళకు పైగా మిరపకాయ ముట్టని ఆ వంకరవేలిని అమ్మ తన కంటికొసకు తాకించి, మంటుందేమోనని చూసుకుంటోంది.

కన్ను తెల్లగానే ఉంది.

"రా," అంది.